తుపానుకు ఊరిని సిద్ధం చేయాలి, చేతిలో మూడు లక్షలు ఉన్నాయి: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ. కోనసీమలో సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మీ ఊరు. 2025 అక్టోబరులో మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి, చెప్పినా వినకుండా ఊళ్లో చాలామంది ఇళ్లలోనే ఉండిపోయారు. కరెంటు పోయింది, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, ఫోన్లు పలకలేదు. ఇప్పుడు విదేశాల్లో ఉన్న మీ ఊరివాళ్లు మూడు లక్షలు పోగేసి ఇస్తామన్నారు. కుర్రాళ్లంతా కలిసి విపత్తు కమిటీ పెట్టి, ఆ డబ్బుతో పెద్ద జనరేటర్, ఒక పడవ కొనాలనుకుంటున్నారు. ఇది సరైన ఆలోచనేనా అని అడిగారు.

తీర గ్రామాల్లో తుపాను సన్నద్ధత పనిలోనే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. కృష్ణా జిల్లా దివిసీమ నుంచి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం దాకా ఊళ్లు చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మీ తపన మంచిది. కానీ జనరేటరూ పడవా మొదటి వరసలో రావు. కొత్త కమిటీ కూడా అక్కర్లేదు.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. తుపాను ముందు రోజు, తర్వాత మూడు రోజులు మీ ఊరికి మీ ఊరే దిక్కు. ప్రభుత్వం రాదని కాదు. వస్తుంది. ఇప్పుడు వాతావరణ శాఖ హెచ్చరికలు ఎంతో మెరుగయ్యాయి, ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందాలు ముందే జిల్లాకు చేరుతున్నాయి. కానీ జిల్లాలో వందల ఊళ్లు ఉంటాయి, బృందాలు కొన్నే ఉంటాయి. అవి మండల కేంద్రం దాటి మీ ఊరి అడ్డరోడ్డు దాకా రావాలంటే పడిన కొబ్బరి చెట్లన్నీ కోసుకుంటూ రావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీదే తీరం దాటినప్పుడు, అంత పెద్ద నగరంలోనే కరెంటు, నీళ్లు, పాలు, పెట్రోలు, ఫోను అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు లోపలి సందుల్లోకి పడవలు వెళ్లలేక డ్రోన్లతో ఆహారం దించాల్సి వచ్చింది. నగరాల సంగతే అలా ఉంటే మీ ఊరి వంతు ఎప్పుడు వస్తుందో లెక్క వేసుకోండి. ఆ మూడు రోజులను దృష్టిలో పెట్టుకునే ప్రతి నిర్ణయమూ తీసుకోండి.

ఇంతకీ ముందస్తు ఏర్పాటు వల్ల నిజంగా ప్రాణాలు మిగులుతాయా? మన తీరమే దానికి సాక్ష్యం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో సుమారు పదివేల మందిని బలి తీసుకుంది. అనధికార అంచనాలు ఇంకా ఎక్కువ. సుమారు 5 మీటర్ల ఎత్తు నీటి గోడ పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. 1990 మే 9న అదే కృష్ణా ముఖద్వారం ప్రాంతంలో దాదాపు అంతే బలమైన తుపాను తీరం దాటింది. ఈసారి ముందే లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు. మరణాలు వెయ్యి లోపు. ఒడిశా ఇంకా దూరం వెళ్లింది. 1999 అక్టోబరులో వచ్చిన సూపర్ సైక్లోన్‌లో సుమారు పదివేల మందిని పోగొట్టుకున్న రాష్ట్రం, 2013 ఫైలిన్ తుపాను నాటికి పది లక్షల మందిని ముందే తరలించి మరణాల సంఖ్యను 50 లోపు ఆపింది. అసలు మారింది మనుషుల ఏర్పాటు.

ఇప్పుడు మీ ఊరి సంగతి. జనం తుపాను షెల్టర్‌కు ఎందుకు వెళ్లలేదో అడిగారా? కోప్పడకుండా, తప్పు పట్టకుండా, ఇంటింటికీ వెళ్లి అడగండి. మీ డబ్బుతో చేయాల్సిన పనులన్నీ ఆ జవాబుల్లోనే ఉంటాయి. నాకు ప్రతి ఊళ్లోనూ వినబడిన జవాబులు కొన్ని చెబుతాను. గేదెల్ని ఎవరు చూస్తారు? వలలు, ఇంజను వదిలేసి వెళితే దొంగలు ఎత్తుకుపోతే? మా అమ్మ నడవలేదు, ఎత్తుకెళ్లే మనిషి లేడు. షెల్టర్‌లో మరుగుదొడ్డికి నీళ్లు లేవు, ఆడపిల్లతో ఎలా ఉంటాను? తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియదు. పోయినసారి వెళ్తే తుపాను వేరే చోటికి పోయింది, పనులు పోగొట్టుకుని వచ్చాం. ఇంకొకటి ఉంటుంది, అది గట్టిగా చెప్పరు: అక్కడ మమ్మల్ని మూలన కూర్చోబెడతారు.

ఈ చివరిది తేలిగ్గా తీసుకోకండి. షెల్టర్‌గా వాడే బడి ఏ వీధిలో ఉంది, దాని పక్క ఇళ్లు ఎవరివి, వంట ఎవరు చేస్తారు, ఎవరికి ముందు వడ్డిస్తారు, ఇవన్నీ మామూలు రోజుల్లో కులం నిర్ణయిస్తుంటే తుపాను రాత్రి కూడా కులమే నిర్ణయిస్తుంది. తరచుగా ఎస్సీ పేట, యానాదుల గుడిసెలు, మత్స్యకారుల వాడ పల్లంలోనో, ఊరి చివరనో ఉంటాయి. నీళ్లు ముందు చేరేది అక్కడికే, కబురు చివర చేరేదీ అక్కడికే. మీ కుర్రాళ్ల బృందంలో ఆ వాడల వాళ్లు లేకపోతే మీ ప్రణాళిక ఊరి ప్రణాళిక కాదు. మొదటి సమావేశం వాళ్ల వాడలోనే పెట్టండి.

అక్కడ నేల మీద ముగ్గుతో ఊరి పటం వేయించండి. ఆడవాళ్లు వేస్తే ఇంకా మంచిది, ఏ ఇంట్లో ఎవరు ఉన్నారో వాళ్లకే బాగా తెలుసు. సముద్రం ఏ వైపు, డ్రైయిను (మురుగు కాలువ) ఏ వైపు, ఏ రోడ్డు ముందు మునుగుతుంది, మేడ ఇళ్లు ఎన్ని, మంచినీటి చెరువు ఎక్కడ, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ, ఇవన్నీ గుర్తులు పెట్టండి. తర్వాత మనుషుల గుర్తులు. మంచం మీద ఉన్న పెద్దవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, ఒంటరిగా ఉండే ముసలమ్మలు, వికలాంగులు. ఆశా కార్యకర్త దగ్గరా అంగన్‌వాడీ టీచర్ దగ్గరా ఈ జాబితా చాలావరకు సిద్ధంగా ఉంటుంది. ప్రతి పేరు పక్కన ఇద్దరి పేర్లు రాయండి, వీళ్లను తీసుకెళ్లాల్సింది ఎవరు అని. ఇద్దరు ఎందుకంటే ఒకరు ఆ రోజు ఊళ్లో లేకపోవచ్చు. గర్భిణులను, డయాలసిస్ వాళ్లను హెచ్చరిక రాగానే, అంటే గాలి మొదలవకముందే, పట్టణంలో ఆసుపత్రి ఉన్న చోటికి చేర్చేయాలి. గాలి మొదలయ్యాక అంబులెన్స్ రాదు.

మేడ ఇళ్ల సంగతి కూడా అప్పుడే తేల్చేయండి. షెల్టర్‌లో ఊరంతా పట్టదు. ఏ మేడలోకి ఏ పది కుటుంబాలు వెళ్లాలో, ఆ ఇంటి యజమాని నోటితో అందరి ముందూ చెప్పించండి. ఎండాకాలంలో నవ్వుతూ ఇచ్చిన మాట నవంబరులో గేటు తెరిపిస్తుంది.

కమిటీ విషయానికి వస్తాను. మీ ఊళ్లో వినాయక చవితి పందిరి వేసేది ఎవరు? చందాలు వసూలు చేసేది, మైకు తెచ్చేది, ట్రాక్టరు మాట్లాడేది, వందల మందికి అన్నం వండించేది, నిమజ్జనం రోజు తాళ్లు పట్టేది, లెక్క అప్పజెప్పేది ఎవరు? మీ విపత్తు బృందం అదే. చర్చి కమిటీకీ ఉర్సు చేసేవాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. ఏడాదికోసారి కలిసి పని చేసి, పోట్లాడుకుని, మళ్లీ కలిసిన వాళ్లు కష్టకాలంలో కూడా పని చేస్తారు. వీళ్లకు డ్వాక్రా గ్రామ సంఘం మహిళలను కలపండి. ఊళ్లో డబ్బు లెక్కలు, ఇంటింటి పరిస్థితి, అప్పుల భారం తెలిసిన ఏకైక వ్యవస్థ అది. కొత్త పేరుతో కొత్త కమిటీ పెడితే మొదటి తుపాను దాకా బోర్డు ఉంటుంది, మనుషులు ఉండరు. సర్పంచ్‌ను, సచివాలయం ఉద్యోగులను పక్కన పెట్టి కూడా ఈ పని చేయకండి. గ్రామసభలో తీర్మానం పెట్టించి, పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్పిస్తే రేపు మీరు ఊళ్లో లేకపోయినా పని ఆగదు.

వీధికి ఇద్దరు వాలంటీర్లు, అందులో ఒకరు ఆడమనిషి. ఇది మాత్రం గట్టిగా పట్టుబట్టండి. బంగ్లాదేశ్ అనుభవం వినండి. అక్కడ 1970 తుపానులో లక్షల మంది చనిపోయాక 1972 నుంచి తుపాను సన్నద్ధత కార్యక్రమం నడుస్తోంది. ఊరి వాలంటీర్లు జెండాలు ఎగరేసి, చేతి సైరన్లు మోగించి, మెగాఫోన్లతో ఇంటింటికీ చెబుతారు. అయినా 1991 ఏప్రిల్ తుపానులో సుమారు 1,40,000 మంది పోయారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లు చాలా ఎక్కువ మంది. కబురు మగవాళ్లకు అందింది, ఇంట్లో ఉన్న ఆడవాళ్లు భర్త వచ్చి చెప్పేదాకా ఆగారు, పరాయి మగవాళ్లతో కిక్కిరిసిన షెల్టర్‌లోకి వెళ్లడానికి జంకారు. ఆ తర్వాత వాళ్లు పద్ధతి మార్చుకున్నారు. ఇప్పుడు ఆ 76,000 మంది వాలంటీర్లలో సగం మంది మహిళలు. 2020 ఆంఫన్ తుపానుకు ఆ దేశం 20 లక్షల మందికి పైగా తరలించింది, మరణాలు పదుల్లోనే ఆగాయి. మీ షెల్టర్‌లో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి, నీళ్లు, లోపలి నుంచి గడియ ఉన్నాయా లేవా అన్నది జనరేటర్ కంటే ముందు చూడాల్సిన విషయం.

ఇక హెచ్చరికను అర్థం చేసుకోవడం. ఇక్కడ ఒక ప్రమాదకరమైన అపోహ ఉంది, అది పోగొట్టాలి. "మన దగ్గర తీరం దాటడం లేదుగా" అంటారు. 1977లో తుపాను కేంద్రం తీరం దాటింది చీరాల వైపు. కానీ ఉప్పెన ముంచింది దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమను. మన దగ్గర తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి తీరం దాటే తుపానుకు ఉత్తరం పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి నీటిని తోస్తుంది. దక్షిణం పక్కన గాలి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. అంటే తుపాను నరసాపురం దగ్గరో, దానికి దక్షిణంగానో దాటితే కోనసీమ తీరం ప్రమాదం వైపున ఉన్నట్టే. టీవీలో కేంద్రం గుర్తు ఎక్కడో ఉంది కదా అని నిద్రపోకూడదు. ఆ రోజు అమావాస్యో పౌర్ణమో అయితే పోటు ఎక్కువగా ఉంటుంది, ఉప్పెన దాని మీద వచ్చి పడుతుంది. ఈ లెక్కలు మీ మత్స్యకారులకు పుస్తకం లేకుండానే తెలుసు, వాళ్ల చేత చెప్పించండి.

రెండో అపోహ తుపాను కన్ను గురించి, అంటే తుపాను మధ్యలో గాలి లేని భాగం గురించి. గాలి హోరు అకస్మాత్తుగా ఆగి, ఆకాశం తేటగా కనిపిస్తే తుపాను వెళ్లిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో గాలి లేస్తుంది. హుద్‌హుద్‌లో విశాఖ వాళ్లు ఇది కళ్లారా చూశారు. రేడియోలో చెప్పేదాకా ఎవరూ గడప దాటకూడదని పిల్లలకు కూడా నేర్పాలి.

కబురు చేర్చడానికి ఫోనుల మీద ఆధారపడకండి. ఇప్పుడు ప్రభుత్వం నేరుగా ఫోన్లకు హెచ్చరిక సందేశాలు పంపుతోంది, విపత్తు హెచ్చరికలు ఇచ్చే సచేత్ యాప్ ఉంది, అత్యవసర నంబరు 112 ఉంది, అన్నీ వాడండి. అయితే టవరు దగ్గర డీజిల్ అయిపోయిన తర్వాత పనికొచ్చేవి బ్యాటరీ మీద నడిచే మైకు, చేతి సైరన్, డప్పు. ఏ మోతకు ఏ అర్థమో ముందే అనుకోవాలి. ఒక మోత అయితే సామాను సర్దుకోండి, రెండో మోత అయితే బయల్దేరండి. అంతకు మించి అర్థాలు పెడితే గందరగోళం అవుతుంది.

ఇది రిహార్సల్ చేయకపోతే కాగితం మీదే ఉంటుంది. మన తీరానికి తుపాన్లు మే నెలలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ ఎక్కువ. చవితి అయిపోగానే, సెప్టెంబరులో, జనం ఇంకా కలిసి ఉన్న ఊపులోనే ఒకసారి డ్రిల్ చేయండి. వీలైతే రాత్రిపూట, వీధి లైట్లు ఆర్పించి. మంచం మీది పెద్దాయనను నిజంగా మోసుకెళ్లి చూడండి. ప్లాస్టిక్ కుర్చీకి రెండు వెదురు గడలు కట్టి మోస్తే సందుల్లో స్ట్రెచర్ కంటే సులువు. తాళం ఎంతసేపటికి తెరుచుకుంది, షెల్టర్ ట్యాంకులో నీళ్లు ఉన్నాయా, పైకప్పు కారుతోందా, ఇవన్నీ అప్పుడు బయటపడతాయి. ఒడిశాలో గంజాం జిల్లా వెంకటరాయపూర్, జగత్సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి గ్రామాలకు 2020లో యునెస్కో నుంచి సునామీ సన్నద్ధ గ్రామాలుగా గుర్తింపు వచ్చింది, దేశంలో మొదటివి అవే. అక్కడ జరిగిందీ ఇదే. పటం, దారి చూపే బోర్డులు, ఊరి కమిటీ, మళ్లీ మళ్లీ డ్రిల్. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు చాలామంది ఉన్నారు, మీ కుర్రాళ్లు ఒకసారి వెళ్లి చూసి వస్తే నా సమాధానం కంటే ఎక్కువ నేర్చుకుంటారు.

పశువుల గురించి ఒక మాట. 1977లో లక్షల్లో పశువులు చచ్చిపోయాయి. కట్టుకొయ్యకు ఉన్న పశువు ఈదలేదు. ఊళ్లో మెరక చోటు ఒకటి గుర్తించి ముందే అక్కడికి తోలండి. అది కుదరకపోతే బయల్దేరే ముందు పలుపు విప్పేయండి, లేదా కోసేయండి. పశువుకు ఒక దారి ఉందని తెలిస్తే యజమాని షెల్టర్‌కు కదులుతాడు. అందుకే ఇది పశువుల విషయం మాత్రమే కాదు.

వేటకు వెళ్లేవాళ్లది వేరే కథ. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను చిన్నది, కానీ బలమైనది, త్వరగా వచ్చింది. కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. మరణాలు, గల్లంతైనవాళ్లు కలిపి వెయ్యి దాటారు. గల్లంతైనవాళ్ల కుటుంబాలకు రెండు దెబ్బలు. మనిషి పోయాడు, పోయాడని రుజువు లేదు. మామూలు చట్టం ప్రకారం ఏడేళ్లు కబురు లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు, లేదంటే ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ఇవ్వాలి. అందుకని ప్రతి రేవులో ఒక పుస్తకం పెట్టించండి. ఏ పడవ, ఎవరెవరు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు. టీ కొట్టు దగ్గరైనా పర్వాలేదు. ఇప్పుడు పడవలకు ఉపగ్రహం ద్వారా సమాచారం పంపే ట్రాన్స్‌పాండర్లు ఇస్తున్నారు, అవి వచ్చిన పడవలో పనిచేస్తున్నాయా లేదా చూసుకోండి. అయినా పుస్తకం ఉండాల్సిందే.

ఇప్పుడు మూడు లక్షల సంగతి. నా మాట వింటే అందులో సగం అసలు ఖర్చు పెట్టకండి.

తుపాను పోయిన వారానికి రెండో విపత్తు మొదలవుతుంది, దాని పేరు అప్పు. వల పోయింది, ఇంజను ఉప్పు నీళ్లలో మునిగింది, ఇంటి పైకప్పు లేచిపోయింది, కూలి పని లేదు. పరిహారం రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా పిల్లలకు తిండి పెట్టాలి. రోజువారీ వడ్డీకి ఇచ్చేవాళ్లు అప్పుడే ఊళ్లోకి దిగుతారు. చేపలు కొనే షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుంటే పట్టిన చేపంతా అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. తుపానులో ప్రాణాలు దక్కించుకున్న కుటుంబాలు ఈ దశలో పడవ అమ్ముకోవడం, ఆడపిల్ల చదువు మాన్పించడం, వలస పోవడం నేను చాలా చూశాను. నన్ను ఈ పనిలో అన్నిటికంటే బాధపెట్టింది ఇదే, ఎందుకంటే దీన్ని చాలా తక్కువ డబ్బుతో ఆపవచ్చు. లక్షన్నర రూపాయలు గ్రామ సంఘం ఖాతాలో అత్యవసర నిధిగా పెట్టండి. తుపాను వచ్చిన వారంలోపు ముప్ఫై కుటుంబాలకు ఇంటికి ఐదు వేలు చొప్పున వడ్డీ లేకుండా ఇవ్వవచ్చు. పరిహారం వచ్చాకో, పంట చేతికొచ్చాకో తిరిగి కట్టాలి. ఎవరికి ఇవ్వాలన్నది సంఘం మహిళలే తేలుస్తారు, మీరు వేలు పెట్టకండి. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇది ఫొటోలో కనిపించని ఖర్చు. వాళ్లకు అర్థమయ్యేలా మీరే చెప్పాలి.

పరిహారం కాగితాల మీద నడుస్తుంది కాబట్టి కాగితాలు ముందే సిద్ధం చేయించండి. పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటేనే ఇన్‌పుట్ సబ్సిడీకి అర్హత. ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) పేరు లేకపోతే నష్టం లెక్కలోకే రాదు. మీ డెల్టాలో సాగు చేసేవాళ్లలో కౌలు రైతులే ఎక్కువ. కౌలు కార్డు లేకపోతే పంట కౌలుదారుది, పరిహారం భూమి యజమానిది అవుతుంది. యజమానులు సంతకానికి భయపడతారు. ఊరి పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడాల్సిన విషయం ఇది, తుపాను తర్వాత మాట్లాడితే లాభం లేదు. ఇంటికీ పడవకూ వలలకూ ఇప్పుడే ఫొటోలు తీసి పెట్టండి, తర్వాత తీసిన ఫొటో పక్కన పెడితే నష్టం లెక్కించేటప్పుడు వాదన ఉండదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన (ప్రమాద బీమా), 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా ఎంతమందికి ఉన్నాయో వీధి వాలంటీర్లు చూడాలి. రెండిటిలోనూ రెండేసి లక్షల బీమా ఉంటుంది.

మిగతా లక్షన్నరతో వస్తువులు. మొదట రెండు చెట్లు కోసే రంపం మెషిన్లు, వాటితో హెల్మెట్, గ్లవ్స్, కళ్లద్దాలు, తాళ్లు. కోనసీమలో దారి తెరవడమంటే కొబ్బరి చెట్టు కోయడమే. వీటిని దింపు కార్మికుల (కొబ్బరికాయలు దించేవాళ్ల) చేతికి ఇవ్వండి, చెట్టు ఎటు ఒరుగుతుందో వాళ్లకు తెలిసినంత మరెవరికీ తెలియదు. కరెంటు తీగ చుట్టుకున్న చెట్టును లైన్‌మన్ వచ్చి లైను ఆపినట్టు చెప్పేదాకా ముట్టకూడదు. తర్వాత మెగాఫోన్లు, ఒక చేతి సైరన్, ఛార్జింగ్ రేడియోలు, బ్యాటరీ టార్చ్‌లు, ఫోన్లు ఛార్జ్ చేసుకునేలా ఒక సోలార్ సెట్. ఆ తర్వాత నీళ్లు. ఉప్పెన వస్తే మంచినీటి చెరువు, బావి రెండూ ఉప్పునీళ్లు అవుతాయి. కరెంటు ఉండగానే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపించడం ఒకరి బాధ్యతగా పేరు రాసి పెట్టండి. షెల్టర్ దగ్గర రెండు పెద్ద ప్లాస్టిక్ ట్యాంకులు, క్లోరిన్ బిళ్లలు, బ్లీచింగ్, ఓఆర్‌ఎస్ ఉండాలి. తాగడానికే మనిషికి రోజుకు మూడు లీటర్లు వేసుకుని మూడు రోజులకు లెక్క కట్టండి. టార్పాలిన్లు కొన్ని. పీహెచ్‌సీలో పాముకాటు మందు ఉందో లేదో సెప్టెంబరులోనే అడగండి, నీళ్లు వచ్చాక పాములూ మెరకకే చేరతాయి.

పడవ వద్దన్నది ఎందుకంటే మీ ఊళ్లో పడవలు ఇప్పటికే ఉన్నాయి, నడిపేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో ఒప్పందం చేసుకుని లైఫ్ జాకెట్లు కొనివ్వండి. పెద్ద జనరేటర్ ఏడాదంతా మూలన పడి ఉంటే కావలసిన రోజు స్టార్ట్ కాదు. పందిరికి జనరేటర్ అద్దెకు ఇచ్చేవాడు ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటాడు, అతనితో ముందే మాట్లాడుకోవడం మేలు. డీజిల్ మాత్రం హెచ్చరిక వచ్చిన రోజే కొని పెట్టుకోవాలి.

డబ్బుతో పని లేని, కానీ అన్నిటికంటే గొడవ అయ్యే పని ఒకటుంది. డ్రైయిన్లు. గుర్రపుడెక్కతో నిండిపోయిన మురుగు కాలువ, పూడిపోయిన మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు), డ్రైయిను గట్టు కలుపుకుని తవ్విన రొయ్యల చెరువు, ఈ మూడూ కలిస్తే తుపాను నీరు సముద్రంలోకి పోదు, వారం రోజులు వరిచేలల్లోనూ పల్లపు ఇళ్లల్లోనూ నిలుస్తుంది. ఆక్వా వల్ల ఊళ్లోకి డబ్బు వచ్చింది, కాదనను. కానీ ఒకరి చెరువు గట్టు వల్ల నలభై ఇళ్లు మునుగుతుంటే అది ఆ ఒక్కరి సొంత విషయం కాదు. జులై, ఆగస్టుల్లోనే ఇరిగేషన్ వాళ్ల దగ్గరికి ఊరంతా కలిసి వెళ్లండి, ఎక్కడ అడ్డం ఉందో ఫొటోలతో చూపండి, పక్క ఊరి వాళ్లనూ కలుపుకోండి. డ్రైయిను మీ ఊరితో ఆగదు. చెరువు యజమానిని శత్రువుగా చూడకుండా ముందు ఇంటికి వెళ్లి మాట్లాడండి. చాలామంది పైపు వేయడానికో గట్టు వెనక్కి జరపడానికో ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే గ్రామసభ ఉంది.

అలాగే మడ అడవి, సరుగుడు తోట. 1999 తుపాను తర్వాత ఒడిశా కేంద్రపడా జిల్లాలో జరిగిన అధ్యయనంలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువని తేలింది. మన గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో అటవీ శాఖ, ఊరి వన సంరక్షణ సమితులు కలిసి కాలువలు తవ్వి మడను మళ్లీ పెంచిన చోట్లు ఉన్నాయి. మీ వైపు మడ నేల ఉంటే దాన్ని చెరువులకు పోనివ్వకండి. కొత్తగా నాటడం కంటే ఉన్నదాన్ని నరకకుండా చూడటం చవక.

పెద్దవాళ్ల జ్ఞాపకాలను కూడా ఈ పనిలో భాగం చేయండి. ఇండోనేషియాలోని సిమెలూ దీవిలో 1907లో సునామీ వచ్చింది. నేల బలంగా కంపించి సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలని అక్కడివాళ్లు పాటల్లో, జోలపాటల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సుమారు 78,000 మంది ఉన్న ఆ దీవిలో చనిపోయింది ఏడుగురే. అదే రోజు మన తీరంలో సముద్రం వింతగా ప్రవర్తిస్తుంటే ఏమిటో తెలియక వంద మందికి పైగా పోయారు. మీ ఊళ్లో 1996 చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో బడి గోడ మీద రంగుతో గీత గీయించండి, ఆ గీత దగ్గరే వాళ్ల చేత పిల్లలకు చెప్పించండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు డబ్బు కాకుండా ఇంకో పని ఇవ్వండి. తుపాను రోజు ఊళ్లోవాళ్లంతా ఒక్కొక్క బంధువుకు ఫోన్ చేయాలని చూస్తే ఉన్న కాస్త సిగ్నల్ కూడా పోతుంది. బయట ఉన్న ఒక్క మనిషికి వీధి వాలంటీర్లు మెసేజ్ పెడతారు, ఎవరు ఎక్కడ క్షేమంగా ఉన్నారో ఆ మనిషి మిగతా అందరికీ చెబుతారు. గాలివార్తలు వస్తే సరిచూసే పని కూడా అదే మనిషికి ఇవ్వవచ్చు. గట్టు తెగిందని ఎవరో అరిస్తే చీకట్లో జనం పరుగెత్తి పడిపోవడం నిజంగా జరుగుతుంది.

ముందుగా ఈ నెలలో చేయగలిగినవి రెండే: వెళ్లనివాళ్ల ఇళ్లకు వెళ్లి కారణాలు రాసుకోవడం, షెల్టర్ తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలుసుకుని రెండో చెవి చేయించడం. మీ షెల్టర్ ఏ కాలంలో కట్టినది, ఎంతమంది పడతారు, ఊరి జనాభా ఎంత, వేటకు వెళ్లే పడవలు ఎన్ని ఉన్నాయో రాయండి. వీధి వాలంటీర్ల లెక్క, నీళ్ల లెక్క మీ ఊరికి సరిపోయేలా వేసి పెడతాను.